గుండె ఆపరేషన్ సరే, ఆ తర్వాత ఇంట్లో నర్సు ఎవరు?

మన తెలుగు సినిమాల్లో గుండె ఆపరేషన్ ఎలా జరుగుతుందో మీకు తెలిసిందే. థియేటర్ తలుపు మీద ఎర్రలైటు ఆరుతుంది. డాక్టరుగారు మాస్కు కిందికి లాగి "ఆపరేషన్ సక్సెస్" అంటారు. ఇంటిల్లిపాదీ దేవుడికి దండం పెడతారు. తర్వాతి సీన్లో పేషెంటుగారు పెళ్ళి పందిట్లో అక్షింతలు వేస్తుంటారు. మధ్యలో ఉన్న మూడు నెలలు ఏమయ్యాయో ఏ దర్శకుడూ చూపించడు. సినిమావాళ్ళని అనుకుని ఏం లాభం లెండి. మన ప్రభుత్వాలూ అంతే, ఆసుపత్రులూ అంతే, మన చుట్టాలూ అంతే. ఆ మూడు నెలల గురించే నా గోలంతా.

మా ఇంట్లో ఏడాది తిరక్కుండా రెండు గుండె ఆపరేషన్లు జరిగాయి. 2023 నవంబర్‌లో మా నాన్నకి బైపాస్. 2024 జూన్‌లో మా చిన్నమ్మకి వాల్వు మార్పిడి. అమ్మా నాన్నా ఉండేది జనగామలో, చిన్నమ్మా వాళ్ళది మహబూబాబాద్ దగ్గర ఒక పల్లె. రెండు ఆపరేషన్లూ హైదరాబాద్‌లోనే అయ్యాయి, రెండూ బాగానే అయ్యాయి. సర్జన్ల మీద నాకే ఫిర్యాదూ లేదు, వాళ్ళకి వెయ్యి దండాలు. కానీ రెండు ఇళ్ళనీ పక్కపక్కన పెట్టి చూశాక నాకో అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆపరేషన్ తర్వాత కోలుకోవడం అనేదాన్ని మనం భార్య చేసే ఇంటిపనుల్లో కలిపేశాం. అందుకని ఆపరేషన్ భర్తకి అయితే ఆయన నింపాదిగా కోలుకుంటాడు. భార్యకి అయితే, ఆ పని చేసే మనిషే మంచాన పడింది కాబట్టి, ఇంకెవరూ ఉండరు.

ముందు ఆ పని ఎంత ఉంటుందో చెబుతాను, ఎందుకంటే చూడనివాళ్ళకి అర్థం కాదు. బైపాస్ అయినా, మామూలుగా చేసే వాల్వు ఆపరేషన్ అయినా రొమ్ము ఎముకని నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో కలిపి కడతారు. పైన కుట్లు రెండు వారాల్లో మానిపోయినట్టు కనిపిస్తాయి, కానీ లోపలి ఎముక గట్టిపడాలంటే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అంతవరకు మూడు నాలుగు కిలోలకి మించి ఎత్తకూడదు. చేతుల మీద బరువేసి లేవకూడదు. తలుపు గట్టిగా నెట్టకూడదు, లాగకూడదు. బండి నడపకూడదు. దగ్గొస్తే ఛాతీకి దిండు అదుముకుని దగ్గాలి. గంటగంటకీ మూడు బంతుల డబ్బాలో ఊపిరి పీల్చాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. బైపాస్ అయితే కాల్లోంచి రక్తనాళం తీస్తారు కాబట్టి ఆ కాలు వాస్తుంది, దానికి బిగుతు మేజోడు తొడగాలి. ఆ మేజోడు తొడగడానికి పేషెంటు వంగలేడు. మరి ఎవరు తొడుగుతారు?

అమ్మ తొడిగింది. అమ్మకి యాభై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, బీపీ. పొద్దున నాలుగున్నరకి లేచేది. నాన్న మెడ కింద చెయ్యి పెట్టి లేపడం, బాత్రూంకి తీసుకెళ్ళడం (మా ఇంట్లో కింద కూర్చునే దొడ్డే ఉండేది, హడావుడిగా ప్లాస్టిక్ కుర్చీ కమోడ్ కొన్నాం), స్నానం, చొక్కా గుండీలు, ఉప్పు తగ్గించి వంట, మళ్ళీ ఇంట్లో మిగతావాళ్ళకి మామూలు వంట. మందులు ఎనిమిది రకాలు, రోజుకి నాలుగు పూటలు. రాత్రి మంచం పక్కన చాప వేసుకుని పడుకునేది. పడుకునేది అంటే నిద్రపోయేదని కాదు, ఆయన ఊపిరి వినేది.

ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన డిశ్చార్జి కాగితం మూడు పేజీలు, మొత్తం ఇంగ్లీషులో. రక్తనాళం ఎక్కడ కలిపారో, పంపు ఎన్ని నిమిషాలు నడిచిందో అన్నీ ఉన్నాయి. ఇంటి దగ్గర ఏం చేయాలో మాత్రం ఒక్కటే లైను. తగినంత విశ్రాంతి తీసుకోవాలి, బరువులు ఎత్తకూడదు, రెండు వారాల తర్వాత చూపించుకోవాలి. అమ్మ ఏడో తరగతి చదివింది. ఆ మూడు పేజీల్లో ఆమె కోసం రాసిన అక్షరం ఒక్కటి లేదు. ఇంజనీర్ని కదా, మందులకి ఒక పెద్ద చార్టు తయారుచేసి, ఏ మాత్ర ఎలా ఉంటుందో ఫోటోలు కూడా పెట్టి, ఫ్రిజ్ మీద అంటించాను. అమ్మ దాన్ని ఒకసారి చూసి, తన పద్ధతిలో పూటకో డబ్బా పెట్టుకుని, మూతలకి పసుపు, కుంకుమ, సున్నం బొట్లు పెట్టుకుంది. రాత్రి డబ్బాకి మసి. నా చార్టు కంటే అదే బాగా పనిచేసిందని ఒప్పుకోక తప్పదు :)

ఇక పలకరించడానికి వచ్చేవాళ్ళ సంగతి. ఇది రాయకపోతే జనగామ గురించి రాసినట్టు కాదు. ఇంటికొచ్చిన మొదటి వారంలోనే నలభై మంది దాకా వచ్చి ఉంటారు. ఆపిల్ పళ్ళు, కొబ్బరి బోండాలు, హార్లిక్సు. నిజంగా ప్రేమతోనే వస్తారు, కాదనను. కానీ ప్రతి ఒక్కరికీ ఒక కథ ఉంటుంది. "మా ఊర్లె ఒకాయనకు గిట్లనే కోసిన్రు బావా, మంచిగనే తిరిగిండు, మూడు నెల్లకు పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు" అని పేషెంటు ముందరే చెప్పి, చాయ్ తాగి వెళ్ళిపోతారు. ఆ చాయ్ పెట్టేది అమ్మే. పైగా పథ్యం గొడవ. కుట్లు మానాలంటే గుడ్డు, పప్పు, మాంసకృత్తులు బాగా తినాలని డాక్టర్లు చెబుతారు. చుట్టాలు మాత్రం గుడ్డు పెడితే చీము పడుతుందంటారు. తొక్కు ఒక్కటి పెట్టకు అంటే అదే పెడతారు, "నోరు సప్పగయితది పాపం" అని. తొక్కులో ఉప్పే కదండీ అసలు ప్రమాదం!

వీటన్నిటికంటే కష్టమైనది మనసు సంగతి. నాన్న జీవితంలో ఎవరి ముందూ ఏడవని మనిషి. ఆపరేషన్ అయ్యాక టీవీలో సీరియల్ చూసి ఏడ్చేవాడు. అరగంట తర్వాత మజ్జిగలో నీళ్ళు ఎక్కువయ్యాయని అమ్మ మీద విరుచుకుపడేవాడు. "ఆపరేషన్ల గుండెకాయ మార్చిన్రా ఏంది, ఈయన మా ఇంటాయన కాదు" అనేది అమ్మ, సగం నవ్వుతూ. పెద్ద గుండె ఆపరేషన్ తర్వాత దిగులు, చిరాకు, నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటాయి, కొన్ని వారాల్లో తగ్గుతాయి, తగ్గకపోతే దానికీ వైద్యం ఉంది. ఈ నాలుగు ముక్కలు డిశ్చార్జి రోజు అమ్మకి ఎవరైనా చెప్పి ఉంటే తను తప్పేం చేశానా అని అన్ని రాత్రులు మథనపడేది కాదు. ఇంకో విషయం మన దగ్గర ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. భార్యాభర్తలు మళ్ళీ ఒకరి దగ్గరికి ఒకరు ఎప్పుడు రావచ్చు అన్నది. ఆయాసం, నొప్పి లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే సాధారణంగా భయం లేదని డాక్టర్లు చెబుతారు, ఛాతీ ఎముక మీద బరువు పడకుండా చూసుకుంటే చాలు. అడగడానికి సిగ్గు, చెప్పడానికి తీరిక లేదు. దాంతో ఆ భయం ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయిన ఇళ్ళున్నాయి.

"విశ్రాంతి" అనే మాట గురించి కూడా చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గుండెపోటు వస్తే నెలన్నర దాకా మంచం మీద కదలకుండా పడుకోబెట్టేవాళ్ళు. అమెరికాలో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు పేషెంట్లని మంచం దించి కుర్చీలో కూర్చోబెట్టడం మొదలుపెట్టి, 1952లో దాని ఫలితాలు ప్రచురించారు. కుర్చీలో కూర్చోబెట్టడమే అప్పట్లో పెద్ద సాహసం! ఇప్పుడైతే ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లోనే నడిపిస్తున్నారు. పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించే కార్యక్రమం వల్ల గుండె జబ్బులతో చావులూ, మళ్ళీ ఆసుపత్రిలో చేరడాలూ తగ్గుతాయని ఎన్నో అధ్యయనాలని కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. ఇంటి దగ్గర చేయించినా, ఆసుపత్రికి వచ్చి చేసినా ఫలితం దాదాపు ఒకటేనని కూడా తేలింది. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన దాదాపు 4,000 మంది మీద యోగాతో ఇలాంటి కార్యక్రమం పెట్టి చూశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. చావుల్లో తేడా ఉందని గట్టిగా తేలలేదు గానీ, యోగా చేసినవాళ్ళు ఆరోగ్యం బాగుందని చెప్పుకోవడంలోనూ, పాత పనుల్లోకి తిరిగి వెళ్ళడంలోనూ మెరుగ్గా ఉన్నారు. అంటే ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. నేర్పే మనిషి, వారానికోసారి ఫోన్ చేసి అడిగే మనిషి ఉంటే చాలు. మా జనగామలో ఆ ఉద్యోగం కూడా అమ్మదే. "లేరాదు, ఇంక రెండు సుట్లు" అని ధర్మకంచ గ్రౌండ్‌లో నాన్నని నడిపించేది. నాన్న మొరాయిస్తే పి.వి. గారి సంగతి తీసేది. మన పాత వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు 1990లో అమెరికాలో బైపాస్ చేయించుకున్నారు, 1991 జూన్ 21న ప్రధానమంత్రి అయ్యారు. "నిన్ను ప్రధానమంత్రి గమ్మంటలేను, గేటు దాక నడువుమంటున్న" అనేది.

నాన్న నాలుగు నెలల్లో దుకాణానికి వెళ్ళిపోయాడు. ఆయన గుమాస్తాగా చేసే ఎరువుల దుకాణంలో కుర్చీ పని కాబట్టి సరిపోయింది. అమ్మ బీపీ మాత్రం అప్పటికి నూట ఎనభైకి చేరింది. తన మాత్రలు ఎప్పుడో మానేసింది, చూసినవాళ్ళెవరూ లేరు. మా అమ్మ ఒక్కదాని కథ కాదిది. 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో క్రిస్టాకిస్, ఆలిసన్ అనే ఇద్దరు అమెరికాలో 65 ఏళ్ళు దాటిన 5,18,240 జంటల లెక్కలు తీసి చూపించారు. భార్యాభర్తల్లో ఒకరు ఆసుపత్రి పాలైతే రెండోవాళ్ళు చనిపోయే ముప్పు కూడా పెరుగుతుందట. ఎంత పెరుగుతుందనేది రోగాన్ని బట్టి మారుతుంది. పేషెంటు ఫైలు ఒకటే తెరుస్తాం కానీ పేషెంట్లు ఇద్దరన్నమాట.

ఇప్పుడు చిన్నమ్మ దగ్గరికి వస్తాను. అసలు ఈ రాత అంతా ఆమె గురించే.

చిన్నమ్మకి నలభై ఒక్క ఏళ్ళు. చిన్నప్పుడెప్పుడో గొంతునొప్పి, జ్వరం, ఆ తర్వాత కీళ్ళ వాపులు వచ్చి పోయాయట. దాన్నే రుమాటిక్ జ్వరం అంటారు. సమయానికి పెన్సిలిన్ పడకపోతే అది గుండె వాల్వుల్ని పాడుచేస్తుంది, బయటపడేసరికి ఇరవై ముప్ఫై ఏళ్ళు పట్టొచ్చు. ఇరుకిళ్ళల్లో, పేదరికంలో ఎక్కువగా వచ్చే రోగం ఇది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ మీద అయ్యింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఈ పథకం ఎన్ని లక్షల గుండెల్ని నిలబెట్టిందో చెప్పలేం, దాన్ని తిట్టేవాళ్ళతో నేను పోట్లాడతాను. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచారు కూడా. చిన్నమ్మా వాళ్ళకి ఆపరేషన్‌కి రూపాయి ఖర్చు కాలేదు.

ఖర్చంతా తర్వాతే. డిశ్చార్జి కాగితంలో అదే లైను: బరువులు ఎత్తకూడదు. మా నాన్న విషయంలో ఆ లైనుకి అర్థం ఎరువుల బస్తా ముట్టుకోవద్దని. చిన్నమ్మ విషయంలో దాని అర్థం ఏమిటో లెక్కేయండి. నిండు బిందె పన్నెండు కిలోలు పైమాటే. తడిబట్టల బకెట్టు ఎనిమిదో తొమ్మిదో. గ్యాస్ బండ సుమారు ముప్ఫై. అన్నం వార్చే గిన్నె, రోలు, చీపురు, గేదె ముందు వేసే గడ్డిమోపు. ఆ ఒక్క లైను ప్రకారం నడుచుకోవాలంటే ఆమె ఇంట్లో ఏ పనీ చేయకూడదు. మూడు నెలలు! కాగితం రాసినాయన ఇంట్లో ఆ పనులెవరు చేస్తారో గానీ, చిన్నమ్మ ఇంట్లో ఇంకెవరూ చేయరు.

చిన్నబాపు చెడ్డవాడు కాదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆసుపత్రిలో పదకొండు రోజులు వరండాలో పడుకున్నాడు, అప్పు చేసి కారు మాట్లాడి ఇంటికి తెచ్చాడు. కానీ జూన్ నెల. పత్తి గింజలు పెట్టాలి, తర్వాత మిర్చి నారు. "పొయ్యి కాడ నాకు చెయ్యి తిరగది బిడ్డా, చేన్ల పని ఇడిచిపెడితే ఏడాదంత ఏం తింటం" అన్నాడు నాతో. చిన్నమ్మ తల్లి, అంటే మా అమ్మమ్మ, లేదు. అత్తగారికి డెబ్బై దాటాయి. ఇంక మిగిలింది ఎవరు? ఇంటర్ రెండో సంవత్సరం చదివే కూతురు. జూన్ నుంచి జులై నడిమి దాకా ఆ పిల్ల కాలేజీకి వెళ్ళలేదు. తల్లికి స్నానం, ఇంటిల్లిపాదికీ వంట, గేదె. తొమ్మిదో తరగతి చదివే కొడుకు మాత్రం రోజూ బడికి వెళ్ళాడు, వాడిని ఆపాలని ఎవరికీ తోచనే లేదు.

కూతురు చదువు పోతోందని తల్లికి తెలియకుండా ఉంటుందా? ఐదో వారంలో చిన్నమ్మ లేచింది. "నాకు నయమైంది, నువ్వు పో బిడ్డా" అని పిల్లని కాలేజీకి పంపి బట్టల బకెట్టు ఎత్తింది. నాలుగు రోజులకి ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఛాతీలో టక్కుమని చప్పుడు. కలవాల్సిన ఎముక కదులుతోంది. మళ్ళీ హైదరాబాద్, మళ్ళీ ఎక్స్‌రే, ఛాతీకి బెల్టు, ఇంకో ఆరు వారాలు ఏ పనీ చేయొద్దన్నారు. రెండోసారి తెరవాల్సిన అవసరం రాలేదు, అది అదృష్టం. "చెప్తే వినరు వీళ్ళు" అని విసుక్కున్నారు ఎవరో. వినకేం, ఆమె బాగానే విన్నది. ఆమె పని ఇంకొకరికి అప్పజెప్పే ఏర్పాటు ఎవరూ చేయలేదు, అంతే. సాఫ్ట్‌వేర్‌లో అయితే లైవ్ వెళ్ళాక ఆర్నెల్ల సపోర్టుకి మనుషుల పేర్లు రాసి సంతకం పెడితే గానీ క్లయింటు ఒప్పుకోడు. మనిషి గుండెకి ఆ కాగితం లేదు.

ఎముక కుదురుకోవడం మూడు నెలలతో అయిపోతుంది. వాల్వుది మాత్రం జీవితాంతం. లోహపు వాల్వు పెడితే దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ అసిట్రోమ్ లాంటి మాత్ర వేసుకోవాలి. మోతాదు తక్కువైతే గడ్డ కట్టి వాల్వు బిగుసుకుపోతుంది, లేదా ఆ ముక్క మెదడుకి వెళ్ళి పక్షవాతం వస్తుంది. ఎక్కువైతే రక్తస్రావం. ఈ రెండిటి మధ్యలో ఉన్నామో లేదో చెప్పేది ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది, చిన్నమ్మలాగా మైట్రల్ వాల్వు మార్చినవాళ్ళకి 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. మొదట్లో వారానికోసారి, తర్వాత నెలకోసారి చూపించుకోవాలి. ఆకుకూరలు పూర్తిగా మానేయమని ఊళ్ళో అందరూ చెబుతారు, అది తప్పు. పాలకూర, తోటకూర ఒక వారం కుప్పలుగా తిని ఇంకోవారం మానేయకుండా, ఎప్పుడూ ఒకే లెక్కలో తినాలి. ఇంకా ముఖ్యం ఆరెంపీ గారి సూది. ఒళ్ళునొప్పులని వెళితే డైక్లోఫెనాక్ సూది పొడుస్తారు. ఈ మాత్ర వేసుకునేవాళ్ళకి పిర్రలో సూది పొడిస్తే లోపల రక్తం గడ్డలా చేరుతుంది, ఆ మందు రక్తస్రావాన్ని ఇంకా పెంచుతుంది. పన్ను పీకించుకోవాలన్నా ముందు చెప్పాలి. ఇవన్నీ చిన్నమ్మకే కాదు, చిన్నబాపుకీ తెలియాలి. ఆమె స్పృహ తప్పి పడిపోయిన రోజు డాక్టరుకి చెప్పాల్సింది ఆయనే కదా!

2024 సెప్టెంబర్ 1న ఏం జరిగిందో మహబూబాబాద్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రాత్రంతా కురిసిన వానకి కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. కాజీపేట, విజయవాడ మధ్య రైళ్ళు ఆగిపోయాయి. చిన్నమ్మ పరీక్ష ఆ వారంలోనే. మానుకోటలో రక్తం తీసుకునే ల్యాబు దొరికినా, రిపోర్టు చూసి మోతాదు మార్చి చెప్పే డాక్టరు మా వాళ్ళకి దొరికింది వరంగల్‌లోనే. రోడ్లు కూడా తెగాయి. రైళ్ళు నాలుగైదు రోజుల్లో మొదలయ్యాయి గానీ, ఆ హడావుడి, మునిగిన చేను, ఇవన్నీ దాటి వెళ్ళేసరికి రెండు వారాలయ్యింది. ఐ.ఎన్.ఆర్. 1.4 వచ్చింది. డాక్టరు కాసేపు ఏమీ మాట్లాడలేదట.

భూపాలపల్లి వాళ్ళకైతే వాన అక్కర్లేదు, రైలే లేదు. నా సహోద్యోగి ఒకతనిది ఆ ఊరే, వాళ్ళ నాన్నకీ బైపాస్ అయ్యింది. బొగ్గు టిప్పర్ల మధ్య హనుమకొండకి అరవై డెబ్బై కిలోమీటర్లు. బండి మీద గతుకుల్లో వెళ్ళకూడదు, కారుకి డబ్బుల్లేవు, బస్సే దిక్కు. 2023 డిసెంబర్ 9నే, ఆరోగ్యశ్రీ పరిమితి పెంచిన రోజే, ఆడవాళ్ళకి ఉచిత బస్సు కూడా పెట్టారు. నిజం చెప్పాలంటే ఆపరేషన్ అయిన తర్వాత చిన్నమ్మలాంటి వాళ్ళకి రెండోదే ఎక్కువ పనికొస్తోంది. కాకపోతే సీటు దొరక్క నిలబడితే చెయ్యెత్తి పై రాడ్డు పట్టుకోవాలి. ఛాతీ ఎముక కోసినవాళ్ళు చేయకూడని పనుల్లో అదొకటి!

ఏం చేయొచ్చు అంటే, ఆకాశంలో ఉన్నవేమీ అడగడం లేదు. 2016లో పాత వరంగల్ జిల్లాని విడగొట్టి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు చేశారు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాలేజీ అంటే జనరల్ మెడిసిన్ డాక్టర్లూ, ల్యాబూ ఉంటాయి కదా. వారానికి ఒక పూట, గుండె ఆపరేషన్ అయినవాళ్ళకి మాత్రమే ఒక గది. అక్కడే ఐ.ఎన్.ఆర్., అక్కడే మోతాదు, అనుమానం వస్తే హైదరాబాద్ డాక్టరుకి ఫోన్. ఆరోగ్యశ్రీ కంప్యూటర్లో ఏ ఊరివాళ్ళకి ఏ తారీఖున ఏ ఆపరేషన్ అయ్యిందో ఉంటుంది. ఆ జాబితా ఆ ఊరి ఆశా కార్యకర్తకి పంపడానికి పెద్ద ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, నాకు అప్పజెప్పితే వారాంతంలో రాసిస్తాను.

రెండోది కూలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబర్‌లో ఆరోగ్య ఆసరా అని ఒకటి తెచ్చారు, ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకి రోజుకి 225 రూపాయలు, నెలకి 5,000 దాకా. ఆ ఆలోచన నాకు నచ్చింది, కోలుకునే రోజులకి కూడా ఒక ధర ఉందని ఒప్పుకున్నారు. అయితే అది పేషెంటు కూలి. చూసుకునేవాళ్ళ కూలి సంగతి? ఈ.ఎస్.ఐ. ఉన్న ఉద్యోగికి జబ్బు చేస్తే జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది, అదీ తన జబ్బుకే. అమెరికాలో 1993 చట్టం ప్రకారం భార్యకో భర్తకో పెద్ద జబ్బు చేస్తే, అర్హత ఉన్న ఉద్యోగి పన్నెండు వారాలు సెలవు పెట్టొచ్చు. జీతం రాదు, కానీ ఉద్యోగం పోదు. పన్నెండు వారాలు, సరిగ్గా ఎముక అతుక్కునే టైము. మా ప్రాజెక్టులో అవతలివైపు మేనేజరు భార్య ఆపరేషన్‌కి అలా సెలవు పెడితే ఇక్కడ మేమంతా ఆయన పని పంచుకున్నాం. ఇక్కడ అదే కారణం చెప్పి పన్నెండు వారాలు అడిగితే, "ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా?" అంటారు. ఈ మాట మా ఆఫీసులో ఒకరిని అడగగా నేను విన్నాను.

ఇంక మూడోది, డబ్బుతో పని లేనిది. డిశ్చార్జి రోజున "ఇంట్లో ఈమె పనులు ఎవరు చేస్తారు?" అని అడిగి, పేరు రాసుకుని, ఆ పేరున్న మనిషిని కూర్చోబెట్టి అరగంట తెలుగులో చెప్పాలి. ఆ పేరు మొగుడిదే అయ్యుండాలి. పదిహేడేళ్ళ పిల్లది అయితే ఒప్పుకోకూడదు.

చిన్నబాపు సంగతి చెప్పి ముగిస్తాను. ఆ 1.4 వచ్చిన రోజు డాక్టరు ఆయన్ని లోపలికి పిలిచి, మాత్ర తప్పితే ఏమవుతుందో బొమ్మ గీసి చెప్పాడు. రెండు నెలల క్రితమే గీసి ఉండాల్సిన బొమ్మ! అప్పటినుంచి ఐ.ఎన్.ఆర్. పుస్తకం ఆయన చొక్కా జేబులోనే ఉంటోంది. అంకెలు ఆయనే రాస్తాడు. అన్నం వండడం వచ్చింది, కూర ఇంకా రాలేదు. చిన్నమ్మ చెబితే, "ఉడకపెట్టుడు వచ్చింది అను" అని నవ్వుతుంది. నెలనెలా వరంగల్ ప్రయాణం మాత్రం అలాగే ఉంది. పోయిన జనవరిలో మిర్చి ఏరడానికి కూలీలు దొరికిన రోజూ, పరీక్ష రోజూ ఒకటే అయ్యాయి. ఇద్దరూ పొద్దున రైలుకే వెళ్ళారు, మిర్చి ఇంకో వారం చేలోనే ఉండిపోయింది. మీ జిల్లా ఆసుపత్రిలో ఐ.ఎన్.ఆర్. చూసి మోతాదు కూడా చెబుతుంటే, ఏ రోజు, ఎన్నింటికి వెళ్ళాలో కాస్త తెలియజేయండి. ఈ మూడు జిల్లాల్లో ఎవరెవరికి అవసరమో నా దగ్గర ఇప్పటికే పదకొండు మంది పేర్లున్నాయి.